మొద్దును చివకనివ్వండి

మన భాషలో మొద్దుకు మర్యాద లేదు. చదువు ఎక్కని పిల్లాడు మొద్దు. ఎంత తట్టినా లేవనివాడిది మొద్దు నిద్ర. పదును పోయిన కత్తి మొద్దుబారింది అంటాం. అదే, ఆకులన్నీ రాలిన చెట్టు నిలబడి ఉంటే మోడు అంటాం. మోడు చిగురించిందన్న మాట వింటే గుండె తేలికపడుతుంది. మోడు మీద పెట్టుకున్న ఆశ మొద్దు మీద ఎవరూ పెట్టుకోరు. అందుకే చెట్టు పోయి పెరట్లో మొద్దు మిగిలితే ఇంటిల్లిపాదికీ తొందరే. పీకించెయ్యాలి, లేకపోతే కాల్చెయ్యాలి, అదీ కాకపోతే నున్నగా చెక్కించి పూలకుండీ చేసెయ్యాలి.

ఈ మూడో పనికి సలహాలు ఇచ్చేవాళ్ళు చాలామంది. లోపల ప్లాస్టిక్ పరవమంటారు. పైన వార్నిష్ పుయ్యమంటారు. అడుగున గులకరాళ్ళు పొయ్యమంటారు. ఎర్రగా, పచ్చగా పూసే మొక్కలు తెచ్చి పెట్టమంటారు. అన్నీ మొద్దును ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడానికే. నేనూ మొదట అలాగే చేశాను. ఆ ఏడాది పెట్టిన మొక్కలన్నీ పోయాయి. తరవాతి ఏళ్ళలో నేర్చుకున్నది పూర్తిగా దానికి ఎదురు. కింద రాసిన సలహాలు వినగానే తప్పుగా తోస్తాయి. తోటపని తెలిసినవాళ్ళు కొందరు నాతో వాదించారు కూడా. అయినా ఇవే చెబుతాను. వీటన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే మాట: మొద్దు కుండీ కాదు, మట్టి కాబోతున్న చెట్టు. దాన్ని ఆపడం మన పని కాదు. సాయపడడమే మన పని.

మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. మర్నాడు తలుపు తీసి చూస్తే, పడిపోకుండా మిగిలిన చెట్లకు కూడా ఆకు లేదు. మా పెరట్లో రెండు విరిగాయి. ఇంటికి ఉత్తరాన, గోడకు పదిహేను అడుగుల అవతల మా మావగారు నాటిన మామిడి. దానికి పడమటగా నాలుగు గజాల దూరంలో వేప. రంపం మిషన్ తెచ్చిన కుర్రాళ్ళు మానులను ముక్కలు చేసి, "మొద్దులు కూడా పీకెయ్యమంటారా అమ్మా?" అని అడిగారు. మా అత్తగారు అరుగు మీంచే "ఉండనియ్యండి బాబూ" అన్నారు. మామిడి మొద్దు రెండున్నర అడుగుల ఎత్తు, రెండడుగుల అడ్డం. వేప మొద్దు అడుగెత్తు. ఈ సలహాలన్నీ ఆ రెండు మొద్దుల దగ్గర నేర్చుకున్నవే.

1. మొదటి వానాకాలం వెళ్ళేదాకా ఉలి పట్టకండి

చెట్టు కొట్టిన వారంలోనే కుండీ చెయ్యాలనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పైన మాను పోయినా, వేళ్ళలో చెట్టు దాచుకున్న పిండిపదార్థం అలాగే ఉంటుంది. వేప, కానుగ, చింత, టేకు, సుబాబుల్ లాంటివి కొట్టిన చోటినుంచి మళ్ళీ లేచే జాతులు. జామాయిల్ రైతులకు ఇది బాగా తెలుసు: ఒక్కసారి నాటి, కొట్టిన మొద్దుల మీద వచ్చే పిలకలతోనే రెండో కోత, మూడో కోత తీస్తారు. సరుగుడు మొద్దు సాధారణంగా లేవదు. కొబ్బరి, తాడి అసలు లేవవు. ముదిరిన మామిడి మీద నమ్మకం పెట్టుకోలేం.

మా వేప మొద్దుకు సంక్రాంతి నాటికే చుట్టూ పిలకలు వచ్చాయి. వాటిలో మూడు ఉంచి మిగతావి తీసేశాను. మరుసటి ఏడు ఒక్కటే ఉంచాను. ఏది ఉంచాలో తెలుసుకోవడం ముఖ్యం. మొద్దు నెత్తిన వచ్చిన పిలక చూడ్డానికి బలంగా ఉంటుంది, కానీ కింద చెక్క చివికేకొద్దీ దాని పట్టు వదులవుతుంది, పెద్ద గాలికి చీలిపోతుంది. నేలకు దగ్గరగా, వేరు మొదట్లోనుంచి వచ్చిన పిలకే నిలుస్తుంది. అలా వచ్చిన వేప ఇప్పుడు మేడ ఎత్తు దాటింది. ఆ మొద్దును ఆ చలికాలమే తొలిచి కుండీ చేసి ఉంటే ఈ చెట్టు మాకు ఉండేది కాదు.

వానాకాలం దాటినా పిలక లేకపోతే బెరడును గోటితోనో చాకుతోనో గీరి చూడండి. కింద పచ్చగా తడిగా ఉంటే ఇంకా ఆగండి. గోధుమరంగుకు తిరిగి పొడిగా ఉంటే, బెరడు పెళ్ళలుగా ఊడుతుంటే, చెట్టు వెళ్ళిపోయినట్టే. మిగతా సలహాలు అప్పుడే చదవండి.

2. మూడు రకాల మొద్దులను మాత్రం మొహమాటం లేకుండా తవ్వించండి

చివకనివ్వమని చెప్పేదాన్ని కాబట్టి హద్దు కూడా ముందే గీస్తాను.

ఒకటి, కొబ్బరిచెట్ల మధ్య ఉన్న కొబ్బరి మొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చినప్పుడు, అక్కడున్న మా చుట్టాలు "మీ మామిడికి చేసినట్టు మమ్మల్నీ చెయ్యమంటావా?" అని అడిగారు. వద్దన్నాను. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది కుళ్ళిన కొబ్బరి మానుల్లో, పేడకుప్పల్లో. తెల్లటి లావుపాటి దాని పిల్లపురుగులు అక్కడే పెరిగి, రెక్కలొచ్చాక పక్కనున్న బతికిన చెట్ల మీద పడతాయి. మిగిలిన నాలుగు చెట్లూ దక్కాలంటే పడినవాటి మొద్దులు తీసెయ్యాల్సిందే.

రెండు, మొదట్లో గట్టి పుట్టగొడుగులు అరలు అరలుగా లేచిన మొద్దు, తెగులుతో చచ్చిన చెట్టు మొద్దు. కొబ్బరిని మొదలంటా ఎండగొట్టే గానోడెర్మా తెగులు మట్టి ద్వారా, వేళ్ళ ద్వారా పక్క చెట్లకు పాకుతుంది. అలాంటి మొద్దును వేళ్ళతో సహా తీసి, గోతిలో వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు వెయ్యడమే మంచిది.

మూడు, ఇంటి గోడను, గుమ్మాన్ని ఆనుకుని ఉన్న మొద్దు. చెదలకు నేలను తాకే ఎండు చెక్క కన్నా ఇష్టమైనది లేదు. మొద్దు అయ్యాక అవి ద్వారబంధం దాకా వస్తాయి. మాది గోడకు పదిహేను అడుగుల దూరంలో ఉంది కాబట్టే ఉంచుకున్నాను.

ఏ మొద్దునైనా వదిలించుకోవడానికి ఉప్పు, డీజిలు, వాడిన ఇంజన్ ఆయిలు పొయ్యకండి. మొద్దు పోయినా ఆ నేలలో గడ్డి కూడా మొలవదు.

3. నున్నగా చెక్కించకండి

వడ్రంగిని పిలిస్తే అందంగా గిన్నెలా తొలిచి, పాలిష్ పట్టి ఇస్తాడు. అది వాకిట్లో పెట్టుకునే బొమ్మకు సరిపోతుంది, మొక్కకు కాదు. గరుకు చెక్కలో నీరు నిలుస్తుంది, నాచు పడుతుంది, వేరు పట్టు దొరకపుచ్చుకుంటుంది. నున్నటి చెక్క మీద ఏదీ నిలవదు.

ఎక్కడ తొలవాలో చెట్టే చెబుతుంది. మాను నడుమ ఉండే చేవ గట్టిది, చుట్టూ ఉండే లేత చెక్క తొందరగా మెత్తబడుతుంది. టేకు, వేప లాంటి చేవగల చెట్లలో నడుమ తొలవడం కష్టం. మామిడికి అంత చేవ ఉండదు. మా దానికి లోపల తొలుచుపురుగు చేసిన సొరంగాలు ముందే ఉన్నాయి. ఆ సొరంగాల వెంటే బాడిసెతోనూ ఉలితోనూ కొట్టుకుంటూ పోయాం. చుట్టూ నాలుగంగుళాల అంచు వదిలి, అడుగు లోతు తీస్తే చాలు. చెయిన్ రంపం మొనను నిలువుగా గుచ్చి తొలవాలని చూడకండి. మొన చెక్కకు తగిలిందంటే రంపం మొహం మీదికి ఎగదన్నుతుంది, దానివల్ల ప్రాణం మీదికి వస్తుంది.

గట్టి మొద్దు అయితే తొలవడమే మానెయ్యండి. బర్మాతో నడుమ పది పన్నెండు బెజ్జాలు, జానెడు లోతున వేసి, వాటిలో పేడ నీళ్ళు పోసి, పైన తడి గోనెసంచి కప్పి ఒక వానాకాలం వదిలెయ్యండి. బూజు తన పని తాను చేస్తుంది. మరుసటి ఏడు అదే చోట ఉలి సులువుగా దిగుతుంది.

ఒక్క జాగ్రత్త. పాత మొద్దు బొరియలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి. తేళ్ళు, జెర్రులు, ఒక్కోసారి పాములు అక్కడ కాపురం ఉంటాయి.

4. వార్నిష్ వద్దు, ప్లాస్టిక్ వద్దు, గులకరాళ్ళు అసలే వద్దు

మొదటి ఏడు నేను లోపల మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచాను, చెక్క తడవకూడదని. వానలు మొదలైన నెలకే మొక్కలు మొదలు కుళ్ళి వాలిపోయాయి. షీటు ఎత్తి చూస్తే అడుగున నల్లటి బురద, దుర్వాసన. నీరు దిగే దారి లేదు, గాలి ఆడే దారి లేదు. వార్నిష్ చేసేదీ ఇదే. పైనుంచి ఊపిరి మూసి, లోపల తడిని బంధిస్తుంది. అప్పుడు చెక్క చివకడం ఆగదు, చెడ్డగా కుళ్ళుతుంది.

చివకడం వేరు, కుళ్ళడం వేరు. గాలి, తడి రెండూ సమంగా అందితే చెక్కను మట్టి చేసేవి బూజులు. వాటిలో కొన్ని చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను తిని తెల్లటి పీచును మిగులుస్తాయి. కొన్ని ఆ పీచులోని సెల్యులోజ్‌ను తిని, చెక్కను గోధుమరంగు పలకలుగా పగలగొడతాయి. ఏది చేసినా చివరికి మిగిలేది అడవి నేల వాసన వచ్చే మట్టి. గాలి అందకపోతే మిగిలేది బురద.

అడుగున గులకరాళ్ళు పోస్తే నీరు బాగా దిగుతుందని అందరూ నమ్ముతారు. దిగదు. సన్నటి మట్టి పూర్తిగా నానిపోతే తప్ప నీటిని కింద ఉన్న రాళ్ళ సందుల్లోకి వదలదు. అంటే రాళ్ళు పోసినంత ఎత్తు తడిమట్టి పైకి జరిగి, వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. రాళ్ళకు బదులు దారి చెయ్యండి. మొద్దు బయటినుంచి, తొలిచిన గిన్నె అడుగుకు తగిలేలా, కిందినుంచి పైకి ఏటవాలుగా రెండు మూడు బెజ్జాలు వేలి లావున వెయ్యండి. లోపలి మూతికి ఒక పెంకు ముక్క అడ్డం పెడితే మట్టి జారదు, నీరు జారుతుంది.

ఈ బెజ్జాలు మీ ఇంటి ఆరోగ్యానికి కూడా. డెంగీని మోసే ఈడిస్ దోమ చెట్టు తొర్రల్లో కాసిన్ని నీళ్ళున్నా గుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో గుడ్డునుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ఎండిన గుడ్లు కూడా నెలల తరబడి బతికి, తడి తగలగానే పొదుగుతాయి. నీరు నిలిచే మొద్దు ఎంత అందంగా ఉన్నా వద్దు.

5. మొక్క కన్నా ముందు మొద్దుకు తిండి పెట్టండి

రెండో ఏడు మంచి ఎర్రమట్టి పోసి పెట్టిన మొక్కలు బతికాయి కానీ ఎదగలేదు. ముదురు ఆకులు ముందు పసుపురంగుకు తిరిగాయి. ఒకరు నీరెక్కువైందన్నారు, ఒకరు తెగులన్నారు. అది ఆకలి. చెక్కలో కర్బనం కొండంత, నత్రజని గోరంత. మంచి కంపోస్టు తయారవడానికి నత్రజని ఒక వంతు ఉంటే కర్బనం 25, 30 వంతులు సరిపోతుంది. చెక్కలో అది వందల వంతులు. ఆ చెక్కను తినే బూజులకూ సూక్ష్మజీవులకూ నత్రజని కావాలి. అది చెక్కలో లేదు కాబట్టి పక్కనున్న మట్టిలోంచి లాక్కుంటాయి. మొక్కకు మిగలదు.

అందుకే మామూలు కుండీకి వేసే ఎరువుకు రెట్టింపు వెయ్యమంటాను. రెండు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక, దోసెడు వేపపిండి. పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నానబెట్టి పులిసిన నీళ్ళను పదిరెట్లు పలచన చేసి పొయ్యండి. నాలుగైదు రోజులు వాసన వేస్తుంది, ఓర్చుకోవాలి. మట్టిలోనే కాదు, మొద్దు అంచు మీద, బయటి చెక్క మీద కూడా పొయ్యండి. తినేది అదే కదా. దానికి కడుపు నిండితే మొక్క జోలికి రాదు. మూడో ఏటినుంచి ఈ అవసరం తగ్గుతుంది. చివికిన చెక్కే తిరిగి మొక్కకు తిండి పెడుతుంది.

రంపపు పొట్టు పారెయ్యకూడదని కుండీ మట్టిలో కలపకండి. ఆకలి ఇంకా పెరుగుతుంది. దాన్ని మొద్దు చుట్టూ నేల మీద పరవండి.

6. ఉత్తరపు నీడను నమ్మకండి

ఇంటికి ఉత్తరాన ఎప్పుడూ నీడే అని రాసిన సలహాలు చల్లటి దేశాలకు సరిపోతాయి. మనకు సరిపోవు. విశాఖ, హైదరాబాదు రెండూ కర్కటరేఖకు దక్షిణాన, 17 డిగ్రీలు దాటిన అక్షాంశం మీద ఉన్నాయి. మే రెండో వారంనుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడే పడదు. ఆ రెండు రోజుల మధ్య ఇంటి ఉత్తరపు వైపు ఎండ పడుతుంది. మొదటి రెండు వేసవుల్లో మా నీడ మొక్కలు మాడింది అందుకే.

కాబట్టి దిక్కు చూసి కాదు, మే నెల మధ్యాహ్నం రెండింటికి అక్కడ నిలబడి చూసి నీడ నిర్ణయించుకోండి. ఆ వేళకు నీ పాదాల మీద ఎండ పడుతుంటే అది నీడ కాదని మా అత్తగారు ఒక్క మాటలో తేల్చారు. నీడ లేకపోతే రెండు వేసవులు ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి, కొబ్బరి మట్టల పందిరైనా చాలు. శాశ్వతమైన నీడ మాత్రం పడమటినుంచి రావాలి, మన దగ్గర మాడ్చేది సాయంకాలపు ఎండే. మాకు అది మళ్ళీ లేచిన వేప ఇచ్చింది. నాలుగో ఏటికి దాని నీడ మామిడి మొద్దు మీద పడింది. ఆ తరవాత షేడ్ నెట్ తీసేశాం.

7. పూలు అడగకండి, ఆకులు అడగండి

నర్సరీకి వెళ్తే కన్ను పూలమీదికే పోతుంది. నీడలో పెట్టడానికని అడిగినా నాకు ఒకచోట పూలమొక్కలే అంటగట్టారు. పదిహేను రోజులకు మొగ్గ ఆగింది, నెలకు మొక్క సాగిపోయింది. పువ్వుకు ఎండ కావాలి. నీడ ఇచ్చే చోట ఆకునే అడగాలి. కడియం నర్సరీల్లో ఆకు అందం కోసమే పెంచే మొక్కలు వరసలకు వరసలు ఉంటాయి: సింగోనియం, స్పైడర్ ప్లాంట్, అగ్లోనీమా, రకరకాల ఫెర్న్‌లు. అవన్నీ మంచివే.

నేను మాత్రం వంటింటికి, పూజకు పనికొచ్చేవే పెట్టమంటాను. తమలపాకుకు నీడ, తడి, గాలిలో చెమ్మ కావాలి. గుంటూరు వైపు రైతులు తమలపాకు తోటకు అవిశె చెట్లు నాటి, ఆ నీడలో, ఆ మానుల మీదే తీగ పాకిస్తారు. మొద్దు పక్కన నాటితే దాని గరుకు చెక్కనే పట్టుకుని ఎక్కుతుంది. సరస్వతి ఆకు తడి నీడలో చాపలా పరుచుకుంటుంది. అంచున, కాస్త వెలుతురు పడే వైపు వాము ఆకు. వానాకాలం ముందు రెండు అల్లం కొమ్ములు, రెండు పసుపు కొమ్ములు గుచ్చితే, ఆ వదులు మట్టిలో దుంప బాగా ఊరుతుంది. మా ఇంట్లో కార్తీకమాసం తాంబూలానికి ఆకు ఆ మొద్దునుంచే వచ్చేది.

పసిపిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇంట్లో డిఫెన్‌బాకియా, కలాడియం, మనీ ప్లాంట్ నేలకు దగ్గరగా పెట్టకండి. వాటి ఆకుల్లోని సూదుల్లాంటి ఆగ్జలేట్ స్ఫటికాలు నోట్లో గుచ్చుకుని మంట, వాపు తెస్తాయి.

పక్షులు రావి, మర్రి గింజలు తెచ్చి వేస్తాయి. మొద్దు మీద రావి మొలక కనిపిస్తే వేలెడు ఉన్నప్పుడే తీసి, ఖాళీ స్థలం ఉన్నచోట నాటండి. రెండేళ్ళు వదిలేస్తే దాని వేళ్ళు మొద్దును చీల్చి, పక్కనున్న ప్రహరీ పునాదిలో దూరతాయి.

8. మొక్కకు కాదు, మొద్దుకు నీళ్ళు పొయ్యండి

ఎండు చెక్క దాహం గలది. మొక్క మొదట్లో చెంబుడు నీళ్ళు పోస్తే సగం అంచు చెక్క పీల్చేస్తుంది; పైన మట్టి తడిగా కనిపిస్తుంది, లోపల వేరు ఎండిపోతుంది. మొక్కలు పెట్టడానికి వారం ముందునుంచే మొద్దును లోపలా బయటా రోజూ తడపండి. చెక్క నీటిని తాగి బరువెక్కాలి, గోటితో నొక్కితే చెమ్మ తగలాలి. ఆ తరవాత వేసవిలో కూడా ముందు మొద్దు ఒంటి మీద, చుట్టూ నేల మీద పొయ్యండి, ఆఖరున మొక్కకు.

చివికేకొద్దీ ఈ పని తగ్గుతుంది. మెత్తబడిన చెక్క స్పాంజిలాగా నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఆరో ఏడు వేసవిలో మేము నాలుగు రోజులు ఊళ్ళో లేకపోయినా తమలపాకు వాడిపోలేదు. పక్కనున్న మట్టికుండీల్లో మొక్కలు వాలిపోయాయి.

9. నిలబెట్టాలని చూడకండి

ఆఖరి సలహా వినడానికి అన్నిటికన్నా కష్టమైనది. మొద్దు కుండీ ఎన్నేళ్ళు ఉంటుందని అడుగుతారు. ఎంత త్వరగా పోతే అంత బాగా పని చేసినట్టు అంటాను. అంచు విరిగితే ఇనుప పట్టీ బిగించకండి. పగులులో మట్టి కూరి, అక్కడే ఒక ఫెర్న్ నాటండి. పక్కకు ఒరిగితే ఒరగనివ్వండి. ముందు చెప్పిన గట్టి అరల్లాంటివి కాక మెత్తటి పుట్టగొడుగులు లేస్తే చూసి ఆనందించండి, తినకండి. వానపాములు, రోకలిబండలు చేరితే మట్టి తయారవుతోందని గుర్తు.

ఇలా చేసినవాళ్ళు మనకన్నా ముందు ఉన్నారు. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో బిడల్ఫ్ గ్రేంజ్ అనే తోట ఉంది. అక్కడ 1856లో, యజమాని జేమ్స్ బేట్‌మన్ చచ్చిన చెట్ల మొద్దులను వేళ్ళు పైకి వచ్చేలా తలకిందులుగా పేర్చి, ఆ సందుల్లో ఫెర్న్‌లు నాటించాడు. అలాంటి తోటకు స్టంపరీ అని పేరు వచ్చింది. ఆ దేశంలో అదే మొదటిది అంటారు. విక్టోరియా రాణి కాలంలో అక్కడ ఫెర్న్‌ల మీద జనానికి వెర్రి ఉండేది. ఆ మొక్కలకు కావలసిన చల్లటి, తడి, చివికే నేల వాళ్ళకు పనికిరాని మొద్దుల్లో దొరికింది. రంగు పూసి కాదు, వదిలేసి.

మా మామిడి మొద్దు ఇప్పుడు లేదు. ఎనిమిదో వానాకాలంలో చివరి అంచు పెళ్ళ పక్కకు ఒరిగి, తేలిగ్గా, చప్పుడు లేకుండా పడింది. చేత్తో నలిపితే పొడి అయింది. ఆ పొడిని అక్కడే చల్లాను. అది ఉన్నచోట మోకాలి దాకా కూడా లేని నల్లటి దిబ్బ మిగిలింది. దాని మీద సరస్వతి ఆకు, అల్లం, పైన పడమటినుంచి వేప నీడ. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ సాయంత్రం కుర్చీ అక్కడే వేయించుకునేవారు.

మొద్దు పీకిస్తే గొయ్యి మిగులుతుంది, దాన్ని పూడ్చడానికి మట్టి కొనాలి. చివకనిస్తే మట్టే మిగులుతుంది. మీ పెరట్లో మొద్దు ఉంటే ఈ వానాకాలం దాన్ని ముట్టుకోకండి. పిలక వస్తే చెట్టుగా పెంచండి. రాకపోతే పేడనీళ్ళు పోసి, వచ్చే ఏడు ఉలి పట్టండి.